కట్టాడా, కట్టడా: అపార్ట్‌మెంటు తెలుగు గ్రూపులో తగవు ఎక్కడ పుడుతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో మహదేవపుర వైపు ఒక అపార్ట్‌మెంటు. అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో 180 మంది ఉన్నారు. లిఫ్టులో కనపడితే నవ్వుతూ పలకరించుకునేవాళ్లే గ్రూపులో మాత్రం ఒకరి మీద ఒకరు విరుచుకుపడుతున్నారు. పెద్దవాళ్లు మూడేసి నిమిషాల ఆడియోలు పెడతారు, కుర్రకారు వాటిని విననే వినరు. పొద్దున గుడ్ మార్నింగులు, మధ్యాహ్నం నీళ్ల ట్యాంకరు కబురు, రాత్రికి రాజకీయాలు. గ్రూపు ఉంచాలా, మూసేయాలా?

మూయకండి. మూస్తే వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఇంకోటి తెరుస్తారు, ఈసారి మిమ్మల్ని కలపకుండా. గొడవంతా మనుషుల గుణంలో ఉందనుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు మాట వెళ్లిన దారిది. అరుగు మీద కూర్చుని అనుకునే మాట, నోటీసుబోర్డు మీద అంటించే మాట, తలుపు తట్టి మెల్లిగా చెప్పాల్సిన మాట మూడూ ఇప్పుడు ఒకే తెర మీదికి వచ్చి పడ్డాయి. వాటిని మళ్లీ వేరుచేయాలి. ఎలాగో చెప్పేముందు, మాట ఎక్కడ చెడుతోందో చూడాలి.

మొదటిది అక్షరాల దగ్గరే చెడుతుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం అందరికీ అలవాటైపోయింది. మన భాషలో ఒక్క దీర్ఘం పోతే అర్థం తలకిందులవుతుంది, ఆ స్పెల్లింగులో దీర్ఘం కనపడదు. ట్రెజరరు గ్రూపులో "304 మెయింటెనెన్స్" అని రాసి, పక్కన కె ఎ టి టి ఎ డి యు అని కొట్టారనుకోండి. కట్టాడా, కట్టడా? ఒకటి రసీదు, ఇంకోటి నింద. చదివే 180 మందిలో ఆ 304 ఆయన కూడా ఉన్నాడు. ఆయన రెండో అర్థమే తీసుకుంటాడు. పదిమందిలో తన గురించి వచ్చిన మాటను మంచిగా చదువుకునే ఓపిక ఎవరికీ ఉండదు. చెప్పాడు, చెప్పడు, పంపాడు, పంపడు, అమ్మాడు, అమ్మడు అన్నీ ఇదే బాపతు. (ఆఖరిదానికి ఆడపిల్లను ముద్దుగా పిలిచే అమ్మడు కూడా తోడవుతుంది. ఫ్లాటు అమ్మకం సంగతి రాసేటప్పుడు జాగ్రత్త.)

అందుకని ఒక నియమం పెట్టుకోండి. డబ్బు గానీ, తేదీ గానీ, మనిషి ప్రస్తావన గానీ ఉన్న మెసేజీ తెలుగు లిపిలో ఉండాలి, లేదా పూర్తిగా ఇంగ్లీషు వాక్యంలో ఉండాలి. సరదా కబుర్లకు ఎలా కొట్టుకున్నా ఫరవాలేదు. తెలుగు లిపి కష్టమనేవాళ్లకు జీబోర్డులో (గూగుల్ కీబోర్డు యాప్) సెట్టింగ్స్, లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్ నొక్కి తెలుగు ఎంచుకుంటే ముఖ్యంగా రెండు రకాలు కనపడతాయి: నేరుగా తెలుగు అక్షరాల పలక ఒకటి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మార్చేది ఒకటి. రెండోది చాలామందికి సులువు, కానీ పైన వచ్చే సూచనల్లో మొదటిదాన్నే గుడ్డిగా నొక్కేస్తే మళ్లీ కట్టాడు కట్టడే అవుతాడు. పెద్దవాళ్లకు మైకు గుర్తు నేర్పండి. తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటూ పోతుంది. ఇంటి పేర్లు, ఫ్లాటు నంబర్లు మాత్రం తప్పుగా పడుతుంటాయి కాబట్టి పంపేముందు ఒకసారి కళ్లతో చూసుకోమనండి.

రెండో చోటు మర్యాద. తెలుగులో గౌరవం క్రియ చివర ఉంటుంది. వస్తున్నావా, వస్తున్నారా అనేవాటి మధ్య తేడా ఒక్క అక్షరమే. తొందరలో కొట్టేవాడు 'గారు' వదిలేస్తాడు, 'అండి' మింగేస్తాడు, దాంతో మామూలు ప్రశ్న నిలదీసినట్టు తయారవుతుంది. దీనికి ప్రాంతాల తేడా తోడు. తెలంగాణ ఇళ్లలో పెద్దవాళ్లను కూడా ప్రేమగా 'నువ్వు' అనడం ఉంది. అనంతపురం, చిత్తూరు వైపు మాటలో చివర 'ప్పా' చేరితే అది చనువు. గుంటూరు నుంచి వచ్చిన అరవై ఏళ్ల ఆయనకు ఇవి గొంతుతో వింటే ఏమీ అనిపించదు, యాస అర్థమైపోతుంది. అక్షరాల్లో చూస్తే మాత్రం "ఎవడీ కుర్రాడు, నన్ను నువ్వంటాడేంటి" అనుకుంటాడు. బెంగళూరులో దీని మీద ఇంకో పొర ఉంది. పొద్దున్నే కన్నడ వాచ్‌మన్ "తిండి ఆయ్తా?" అంటే వాళ్ల భాషలో అది టిఫిన్ అయిందా అనే చక్కటి పలకరింపు. ఆ వాక్యాన్నే ఎవరైనా తెలుగు గ్రూపులో "తిండి అయిందా" అని పెట్టి చూడండి, మన చెవికి మొరటుగా తగులుతుంది. గ్రూపులో వయసు తెలియని మనిషికి రాసేటప్పుడు 'మీరు', 'అండి' వాడండి. అనవసరంగా మర్యాద ఇచ్చినందుకు ఎవరూ అలగలేదు.

మూడోది గొంతు. "సరే" అనే ఒక్క మాట తీసుకోండి. సరేనండి అంటే ఒప్పుకోలు, సరేలే అంటే విసుగు, సరే మరి అంటే సెలవు, సరే సరే అంటే ఇక ఆపమని. తెర మీద ఒంటిగా నిలబడ్డ "సరే" వీటిలో ఏదో రాసినవాడికే తెలుసు. చదివేవాడు ఆ పూట తనకున్న చిరాకును బట్టి అర్థం చేసుకుంటాడు. "చూద్దాం" ఇంకా ఘోరం. ఎదురుగా అంటే రారని తెలిసిపోతుంది, గ్రూపులో అంటే అది 'రావచ్చు' కింద లెక్కపడి ఉగాది భోజనాల సంఖ్యలోకి ఎక్కుతుంది.

రాసేవాళ్లకు ఈ నష్టం కనపడదు, ఎందుకంటే రాస్తున్నప్పుడు వాళ్ల గొంతు వాళ్ల చెవిలో మోగుతూనే ఉంటుంది. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సహచరులతో కలిసి దీన్నే పరీక్షించారు. వెటకారంగా అన్నదేదో, నిజంగా అన్నదేదో అవతలివాళ్లు పోల్చుకోవాలి. ఈమెయిలు రాసినవాళ్లు తమ ఉద్దేశం నూటికి 78 సార్లు తెలిసిపోతుందనుకున్నారు. తెలిసింది 56 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది కదా. గొంతుతో చెప్పినప్పుడు 73 సార్లు పట్టుకోగలిగారు. కాబట్టి గ్రూపులో వెటకారం వద్దు, నవ్వు బొమ్మ పక్కన పెట్టినా వద్దు. ఇద్దరు మనుషులు రెండేసి మెసేజీలతో వాదించుకున్నాక మూడోది రాబోతుంటే అడ్మిన్ ఫోన్ చేసి ఇద్దరినీ కింద క్లబ్‌హౌస్ దగ్గర కలవమనాలి. మూడో మెసేజీ నుంచి వాళ్లు ఒకరికొకరు కాకుండా చూస్తున్న 178 మందికోసం రాస్తుంటారు, అక్కడినుంచి తగ్గడం పరువు సమస్య అవుతుంది.

నీలం టిక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2014 నవంబరులో అవి వచ్చేదాకా "చూడలేదండీ" అనే మాట చెల్లేది. ఫోన్ ఎత్తకపోతే స్నానానికి వెళ్లారనుకునేవాళ్లం, ఉత్తరం ఆలస్యమైతే పోస్టాఫీసును తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు చూసి కూడా పలకలేదన్న లెక్క. రీడ్ రిసీట్స్ ఆపుకుంటే సరిపోతుందనుకుంటారు. అది విడి చాట్లకే పనిచేస్తుంది, గ్రూపులో పనిచేయదు. గ్రూపులో తను పంపిన మెసేజీని నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే ఎవరు చదివారో పేర్లతో సహా ఉంటుంది. ఈ జాబితా చూసి "18 మంది చదివారు, ఒక్కరూ జవాబివ్వలేదు" అని రెండో మెసేజీ పెట్టడం తగవుకు నిప్పు పెట్టడమే. అందరినీ అడిగిన ప్రశ్న ఎవరినీ అడగనట్టే లెక్క. బోరుబావి మెకానిక్ నంబరు కావాలంటే గ్రూపులో ఒకసారి అడగండి, గంటలో రాకపోతే తెలిసిన ఇద్దరికి విడిగా ఫోన్ చేయండి.

ఇక ఆడియోలు. వాట్సాప్‌లో ఇవి 2013 నుంచి ఉన్నాయి, మన పెద్దవాళ్లకు ఇవి వరం. చదవడం వచ్చినా కీబోర్డు మీద ఒత్తులు వెతుక్కోలేని అమ్మమ్మలు, కంటిచూపు తగ్గిన తాతయ్యలు, కొడుకు దగ్గర మూడు నెలలుందామని వచ్చి కన్నడ రాక, కింద ఎవరితో మాట్లాడాలో తెలియక కూర్చున్న అత్తగార్లు వీటితోనే గ్రూపులోకి వస్తారు. ఆడియోలు నిషేధించే గ్రూపు వాళ్లను నిషేధించినట్టే. అటు కుర్రాళ్ల బాధ కూడా అబద్ధం కాదు. మీటింగులో ఉన్నవాడు మెసేజీ మీద కన్నేసి అవసరమో కాదో క్షణంలో తేల్చుకోగలడు, మూడు నిమిషాల ఆడియోను పూర్తిగా వింటేనే గానీ అందులో ఏముందో తెలియదు. వెతకడానికీ కుదరదు.

మధ్యేమార్గం ఇలా. ఆడియో నిమిషం దాటకూడదు. మొదటి వాక్యంలోనే విషయం చెప్పాలి. "అందరికీ నమస్కారం, నేను 1104 నుంచి మాట్లాడుతున్నాను, బాగున్నారా అందరూ" అనేదానికే ఇరవై సెకన్లు పోతున్నాయి. ఆడియోలో అంకె ఉండకూడదు. ఫోన్ నంబరు, తేదీ, రూపాయలు, ఫ్లాటు నంబరు ఏదైనా సరే కింద విడిగా టైపు చేయాలి. పెద్దవాళ్లు చేయలేకపోతే ఇంట్లోవాళ్లో, అడ్మినో ఆ ఆడియోకు రిప్లైగా ఒక్క వాక్యం సారాంశం పెట్టాలి: "పార్కింగులో పాము కనపడిందట, ఆంటీ జాగ్రత్త చెబుతున్నారు." వినేవాళ్లకు ఒక చిట్కా: ప్లే అవుతుండగా పక్కన వేగం గుర్తు నొక్కితే ఒకటిన్నర, రెండింతలు అవుతుంది. తెలుగు ఒకటిన్నరలో హాయిగా అర్థమవుతుంది, రెండింతల్లో రాయలసీమ యాస మాత్రం వదిలేయాల్సిందే.

ఇప్పుడు వేరుచేయడం. వాట్సాప్‌లో కమ్యూనిటీ అనే ఏర్పాటు 2022 నవంబరు నుంచి ఉంది. అప్పుడే గ్రూపు పరిమితి 1,024కు పెరిగింది కాబట్టి 180 మందికి చోటు సమస్య కాదు, సమస్య కలగాపులగం. కొత్త కమ్యూనిటీ తెరిచి ఇప్పుడున్న గ్రూపును అందులో కలపండి. దానితోపాటు అనౌన్స్‌మెంట్ గ్రూపు తనంతట తనే వస్తుంది, అందులో పోస్టు పెట్టేది అడ్మిన్లే. అక్కడ మామూలు సభ్యుల నంబర్లు ఒకరివొకరికి కనపడవు, ఈ ఒక్క కారణంతోనే ఆడవాళ్లు చాలామంది అందులో ఉండటానికి ఒప్పుకుంటారు. దాని కింద గ్రూపులు మూడు చాలు: కబుర్లు, కొనుగోలు-అమ్మకం-అద్దె, పండగలు-కార్యక్రమాలు. ఎనిమిది పెట్టకండి. ఎక్కడ పెట్టాలో తెలియక అందరూ మళ్లీ కబుర్లలోనే పెడతారు. రాజకీయాలకు విడిగా గ్రూపు కావాలని కొందరు అడుగుతారు; ఇవ్వొచ్చు, కానీ కమ్యూనిటీ బయట, మీరు అడ్మిన్ కాకుండా.

అనౌన్స్‌మెంట్‌లో వారానికి మూడు నాలుగు పోస్టులు దాటితే జనం మ్యూట్ చేస్తారు, మ్యూట్ చేశాక నిజంగా నీళ్లు ఆగిన రోజున కూడా చూడరు. పోస్టు ఎలా ఉండాలంటే: "బుధవారం 14వ తేదీ, ఉదయం 6 నుంచి 9 వరకు ఎ, బి బ్లాకుల్లో నీళ్లు రావు. ట్యాంకు శుభ్రం చేస్తున్నారు. మంగళవారం రాత్రే పట్టుకోండి." రోజు, గంట, చోటు, కారణం, మనం చేయాల్సింది. "రేపు నీళ్లు రావు" అని రాత్రి 11.50కి పెట్టిన మెసేజీని పొద్దున చదివేవాడికి రేపంటే ఎల్లుండి. ముఖ్యమైనదాన్ని పిన్ చేయండి, 24 గంటలు, 7 రోజులు, 30 రోజుల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. తప్పు పడితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు గానీ, ఎడిట్ చేసినట్టు ఎవరికీ కొత్తగా నోటిఫికేషన్ వెళ్లదు. ముందే చదివేసినవాళ్లు పాత గంటకే కట్టుబడి ఉంటారు. గంట, తేదీ తప్పయితే ఎడిట్ చేయకుండా "సవరణ" అని కొత్త మెసేజీ పెట్టడమే మేలు.

అడ్మిన్లు ముగ్గురు నలుగురు ఉండాలి, ఒకే బ్లాకువాళ్లు కాకుండా, కనీసం ఒక మహిళ. చేర్చుకోవడానికి అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేసే సెట్టింగు పెట్టండి. ఊళ్లో అద్దె ఒప్పందాలు ఎక్కువగా 11 నెలలవి. మనుషులు మారుతూనే ఉంటారు, ఖాళీ చేసి మారతహళ్లికి వెళ్లిపోయినవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా మీ గేటు కబుర్లు చదువుతుంటారు. మూడు నెలలకోసారి పేర్ల జాబితా సరిచూసి, చేరే లింకును రీసెట్ చేయండి. లింకు ఒకసారి బయటకు పాకితే లోన్లు, ట్రేడింగు చిట్కాలు అమ్మేవాళ్లు దూరతారు.

ఎవరి మెసేజీనైనా అడ్మిన్ తీసేయగలరు, కానీ తీసేసిన చోట అడ్మిన్ పేరు కనపడుతుంది, అదొక కొత్త తగవు. ముందు రాసినవాళ్లకు ఫోన్ చేసి "అంకుల్, మీరే తీసేయండి, బాగుంటుంది" అనండి. అందరికీ కనపడకుండా తీసేయడానికి రాసినవాళ్లకు సుమారు రెండున్నర రోజుల గడువు ఉంటుంది.

మీరడిగిన దానిలో లేదు గానీ చెప్పక తప్పదు: బిల్డింగు నిర్ణయాలు తెలుగు గ్రూపులో తీసుకోకండి. సెక్యూరిటీ ఏజెన్సీని మార్చాలని 180 మంది తెలుగువాళ్లు గ్రూపులో అనేసుకుని మీటింగుకు ఒక్క మాటగా వస్తే, పక్కింటి కన్నడిగులకూ తమిళులకూ మలయాళీలకూ అది కుట్రలాగే కనపడుతుంది. ఈ ఊళ్లో భాష సంగతి ఇప్పటికే సున్నితం. తెలుగు గ్రూపులో వాచ్‌మన్ కన్నడం మీద వేసిన జోకు ఒక్క స్క్రీన్‌షాట్‌తో ఎక్స్ (పాత ట్విట్టర్) లోకి పోతుంది, పేరూ నంబరూ సహా. ఫిర్యాదులు మైగేట్ లాంటి యాప్‌లో టికెట్టుగా పెట్టండి. దానికి తేదీ, జవాబు, ముగింపు ఉంటాయి, గ్రూపులో పెట్టిన ఫిర్యాదుకు ఓదార్పులు తప్ప ముగింపు ఉండదు. సర్వసభ్య సమావేశం నోటీసు కూడా మీ సంఘం బైలాలో ఎలా ఇవ్వమని ఉందో అలాగే ఇవ్వాలి. వాట్సాప్‌లో పెట్టాం కదా అంటే ఓడిపోయినవాళ్లు ఆ మెలికే పట్టుకుంటారు.

మెయింటెనెన్స్ బకాయిల జాబితా పేర్లతో గ్రూపులో పెట్టడం చాలా సంఘాలు చేసే పని. చేయకండి. మొత్తం బకాయి ఎంత, ఎన్ని ఫ్లాట్లవి అన్నంతవరకే పెట్టి, ఎవరిది వాళ్లకు విడిగా పంపండి. నూటికి ఒకటి లెక్క తప్పయినా అది 180 మంది ముందు జరిగిన అవమానం. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద నేరం కూడా. ఎవరో పెట్టిన దానికి అడ్మిన్‌ను పట్టుకుంటారా అన్న భయం మాత్రం అంత అక్కర్లేదు: సభ్యులు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ దానిలో భాగస్వామి కానప్పుడు, కేవలం అడ్మిన్ అయినందుకు నేర బాధ్యత ఉండదని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఫార్వర్డ్ చేసినవాళ్లకు ఆ ఊరట లేదు. "నేను రాయలేదు, వచ్చింది పంపాను" అన్న వాదనను మద్రాసు హైకోర్టు 2023లో ఒక మాజీ ఎమ్మెల్యే కేసులో ఒప్పుకోలేదు.

ఫార్వర్డుల విషయంలో బెంగళూరువాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. 2012 ఆగస్టులో, ఈశాన్య రాష్ట్రాలవాళ్ల మీద దాడులు జరగబోతున్నాయన్న ఎస్సెమ్మెస్‌లు పాకి, వేలమంది మూటాముల్లె సర్దుకుని సిటీ రైల్వే స్టేషన్లో పడ్డారు. గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. కేంద్రం 15 రోజులపాటు బల్క్ మెసేజీలు ఆపేసి, మొదట ఒక్కో నంబరుకు రోజుకు 5 ఎస్సెమ్మెస్‌లకే కట్టడి చేసింది. 2018 మేలో చామరాజపేటలో పిల్లల్ని ఎత్తుకుపోతాడన్న పుకారుతో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. ఆ జూలైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర, హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితులు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, వాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న వాట్సాప్ వీడియో వాళ్లకంటే ముందు ఊరు చేరింది. ఒక ఇంజినీరు ప్రాణం పోయింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఒకేసారి 5 చాట్లకు తగ్గించింది. చాలాసార్లు చేతులు మారిన మెసేజీకి పైన రెండు బాణాలు కనపడతాయి, 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాటుకే పంపగలరు.

రెండు బాణాలున్నది అనౌన్స్‌మెంట్‌లోకి రాకూడదు, కబుర్లలోకి వస్తే పెట్టినవాళ్లే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు చెప్పారు. "మన పక్క రోడ్డులో నిన్న" అని ఉంటే అనుమానించండి, ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ అది పక్క రోడ్డే. పెద్దాయన పెట్టింది అబద్ధమని తేలితే గ్రూపులో ఫ్యాక్ట్‌చెక్ లింకు విసరకండి. విడిగా చెబితే ఆయనే తీసేస్తారు. పదిమందిలో చెబితే ఆయన అలిగి, రేపు రెట్టింపు పెడతారు. ఎవరి ఖాతా అయినా హ్యాకయితే మాత్రం మొహమాటం వద్దు, వెంటనే గ్రూపులోంచి తీసేసి అనౌన్స్‌మెంట్ పెట్టండి. పెళ్లి శుభలేఖ అంటూ వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది), "కరెంటు కట్ అవుతుంది" అనే నంబరు, ఆరంకెల కోడు పొరపాటున వచ్చింది పంపమనే పక్కింటావిడ మెసేజీ, ఇవన్నీ గ్రూపులో తెలిసిన పేరు మీదే వస్తాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్. కరెంటు సంస్థ బెస్కాం సంగతి 1912లో కనుక్కోండి. అందరూ వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకుంటే ఖాతా హ్యాకయ్యే బెడద చాలా తగ్గుతుంది.

చావు కబురు, శుభలేఖ. ఈ రెండింటి దగ్గర మన పద్ధతులు గ్రూపులకు లొంగవు. చావు కబురు దగ్గరివాళ్లకు ఫోన్లో వెళ్లాకే గ్రూపులోకి రావాలి, మేనల్లుడికి మీ గ్రూపు నుంచి తెలియకూడదు. ఇంట్లోవాళ్ల అనుమతితో అడ్మిన్ ఒక్కరే పెట్టాలి: "బి బ్లాకు 702 వాళ్ల నాన్నగారు ఈ ఉదయం కాలం చేశారు. చూడాలనుకునేవారు 11 గంటల లోపు ఇంటికి రావచ్చు. 11.30కి విల్సన్ గార్డెన్ విద్యుత్ శ్మశానవాటికకు తీసుకెళతారు. సాయానికి 505 వారిని అడగండి." ఇది అనౌన్స్‌మెంట్‌లోనే ఉండాలి. కబుర్లలో పెడితే 140 "ఓం శాంతి"ల కింద ఆ 11.30 పూడిపోతుంది, మోయడానికి నలుగురు కావలసిన సమయానికి ఇద్దరే ఉంటారు. గ్రూపులో సంతాపం రాసినవాళ్లు ఆ ఇంటికి వెళ్లాల్సిన పని అయిపోయిందనుకుంటారు. అది మాత్రం అడ్మిన్లు తీర్చగలిగేది కాదు.

శుభకార్యాలకు అటుది ఇటు. "అందరూ రావాలి" అని గ్రూపులో శుభలేఖ పెడితే, బొట్టు పెట్టి పిలవలేదు కాబట్టి తమను పిలవలేదనే చాలామంది అనుకుంటారు. గ్రూపులో పెట్టేది సమాచారానికి. పిలవాల్సినవాళ్లకు విడిగా పంపి, ఫోన్ చేసి, అదే బిల్డింగులో ఉంటే గడప తొక్కాలి. ఉగాది, సంక్రాంతి భోజనాల్లాంటి ఉమ్మడి కార్యక్రమాలకు పోల్ పెట్టండి, కానీ పోల్ లెక్కను వంటవాడికి చెప్పకండి. పది రోజుల ముందు పోల్, మూడు రోజుల ముందు మూసివేత, మధ్యలో యూపీఐలో తలకింత చొప్పున కట్టినవాళ్లే లెక్క. పోల్‌లో కుటుంబానికి ఒక్కరే నొక్కుతారు, కాబట్టి "వస్తాం / రాం" అని పెట్టకుండా "ఇద్దరం, ముగ్గురం, నలుగురం, ఐదుగురు లేదా ఎక్కువ, రాలేం" అని పెట్టండి. "చూద్దాం" అనే ఎంపిక ఇవ్వకండి, అందరూ దాన్నే నొక్కుతారు.

మార్పు ఒక శనివారం ఉదయం చేయండి, రాత్రి కాకుండా. ముందు రెండు రోజులు పాత గ్రూపులో ఏం మారబోతోందో నాలుగు వాక్యాల్లో చెప్పి, తెలుగు లిపిలో ఒకసారి, ఆడియోలో ఒకసారి పెట్టండి. మొదటి వారంలో పది పదిహేనుమంది బయటకు పోవచ్చు, "ఇదేమన్నా ఆఫీసా" అని ఎవరో అంటారు, పొద్దున్నే ఒక గులాబీ పువ్వుతో శుభోదయం అనౌన్స్‌మెంట్‌లో కనపడుతుంది, ఎందుకంటే నలుగురు అడ్మిన్లలో ఒకరు అలవాటు కొద్దీ అక్కడే నొక్కి ఉంటారు. దాన్ని తీసేయమని ఆయనకు ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో రాయకండి.